అటెలియే పద్ధతిలో ఆయిల్ పెయింటింగ్: ఇంట్లో మొదలుపెట్టి వరస తప్పకుండా నేర్చుకోవడం ఎలా

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఏ కంపెనీ రంగులు కొనాలి అని. ఇప్పుడే ఏవీ కొనకండి. ఆరేడు నెలల పాటు మీకు రంగులతో పని లేదు. యూరప్‌లోని పాత స్టూడియోల్లో, అంటే అటెలియేల్లో, కొత్తగా చేరినవాళ్ళ చేతికి అంత తొందరగా బ్రష్ ఇచ్చేవాళ్ళు కాదు. ఆ పద్ధతి పాటించే చోట్ల ఇప్పటికీ ఇవ్వరు. ఇదేమీ చాదస్తం కాదు. బొమ్మ చెడేది చాలావరకు కొలత తప్పడం వల్ల, వెలుగునీడలు తప్పడం వల్ల. రంగు సరిగ్గా కుదరక చెడిన బొమ్మలు అంతకన్నా తక్కువ. ఆ రెండిటినీ రంగు లేకుండా విడిగా నేర్చుకుంటే ఒంటబడతాయి, రంగుతో కలిపి ఒకేసారి మీద వేసుకుంటే ఏది ఎక్కడ తప్పిందో కూడా తెలియదు.

ఈ పద్ధతి ఎక్కడ నుంచి వచ్చిందో కాస్త చెప్తాను, ఎందుకు ఇలా చేయమంటారో దాంతో తెలుస్తుంది. 19వ శతాబ్దపు పారిస్‌లో పేరున్న చిత్రకారుడి స్టూడియోలో చేరి, ఆయన కళ్ళముందు గీసి నేర్చుకునేవాళ్ళు. చిత్రకారుడు జాన్-లెయోన్ జెరోమ్ అక్కడి పెద్ద ఆర్ట్ స్కూలు ఎకోల్ దె బోజార్‌లో ఏళ్ళ తరబడి పాఠం చెప్పాడు. ఆయన, షార్ల్ బార్గ్ కలిసి 1866 నుంచి 1871 మధ్య విద్యార్థులు చూసి గీయడం కోసం ఒక డ్రాయింగ్ కోర్సు తెచ్చారు, మొత్తం 197 లితోగ్రాఫ్ ప్లేట్లు, అంటే చూసి గీయడానికి అచ్చువేసిన బొమ్మలు. చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్న కొత్తలో, 1880 ప్రాంతంలో, వాన్ గో కూర్చుని ఈ ప్లేట్లే కాపీ చేశాడు. 1890లో మళ్ళీ వాటి దగ్గరికే వచ్చాడు. జెరోమ్ దగ్గర నేర్చుకున్న అమెరికన్ విలియం పాక్స్‌టన్ నుంచి ఐవ్స్ గామెల్‌కి, గామెల్ నుంచి రిచర్డ్ లాక్‌కి ఈ విద్య చేతి నుంచి చేతికి వచ్చింది. ఆర్ట్ కాలేజీలు దాదాపుగా దీన్ని పక్కన పెట్టేసిన రోజుల్లో, 1969లో, లాక్ అమెరికాలోని మినియాపొలిస్‌లో సొంత అటెలియే తెరిచాడు. ఫ్లోరెన్స్‌లో డేనియల్ గ్రేవ్స్ 1991లో ఫ్లోరెన్స్ అకాడమీ ఆఫ్ ఆర్ట్ పెట్టాడు. ఇవాళ ఇంటర్నెట్‌లో మీరు చూసే అటెలియే బొమ్మల్లో చాలావాటి వెనక ఇలాంటి గురుపరంపర ఏదో ఒకటి ఉంటుంది.

నేర్చుకునే అవకాశం మాత్రం అందరికీ దొరకలేదు. ఎకోల్ దె బోజార్‌లో ఆడవాళ్ళను 1897 దాకా చేర్చుకోలేదు, అప్పటిదాకా వాళ్ళకు దిక్కు 1868లో మొదలైన అకడెమీ జూలియన్ లాంటి ప్రైవేటు చోట్లే. మన దేశంలో రవివర్మకు తిరువాన్కూర్ ఆస్థానంలో ఆయిల్ పని తెలిసిన రామస్వామి నాయకర్ నేర్పడానికి ఒప్పుకోలేదు. 1868లో అక్కడికి వచ్చిన విదేశీ చిత్రకారుడు థియోడర్ జెన్సన్ కూడా తను వేస్తుంటే చూడనిచ్చాడు కానీ పాఠం చెప్పలేదు. అలా చూసి చూసి, సొంతంగా తంటాలు పడి పట్టుకున్న విద్య అది. మన రాజమండ్రి దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్ళి శిక్షణ తీసుకున్నాడు. 1897లో పుట్టి 1925లోనే పోయిన మనిషి, అంత తక్కువ కాలంలో మనుషుల ఒళ్ళు, నిలబడే తీరు అంత నమ్మకంగా గీయగలిగాడంటే దాని వెనక ఆ శిక్షణ కూడా ఉంది. రాజమండ్రి వెళ్తే ఆయన పేరు మీదున్న ఆర్ట్ గ్యాలరీ చూడకుండా రాకండి.

అటెలియేలో అసలు దొరికేది ఏమిటంటే, దిద్దే మనిషి. గురువు వారానికి ఒకట్రెండుసార్లు ప్రతి ఈజిల్ (బోర్డు నిలబెట్టే స్టాండు) దగ్గరికీ వచ్చి, మీరు నిలబడ్డ చోట నిలబడి, మీరు చూస్తున్నదే చూసి, "ఈ గీత ఇంకాస్త లోపలికి రావాలి, ఈ నీడ ఇంకా ముదురు" అని చెప్పి వెళ్తాడు. అంతే. మూడు నాలుగేళ్ళ పాటు అదే జరుగుతుంది. కాబట్టి ఇంట్లో నేర్చుకునేవాళ్ళు ప్లేట్లు, ప్లాస్టర్ బొమ్మలు, రంగులు సంపాదించినంత మాత్రాన అటెలియే శిక్షణ దొరికినట్టు కాదు, ఆ దిద్దుబాటు దొరికే ఏర్పాటు ప్రతి దశలోనూ చేసుకోవాలి. కింద రాసిందంతా ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని చదవండి.

ముందు వెలుతురు

గది సంగతి చూడకుండా పెన్సిల్ పట్టుకోవద్దు. పుస్తకాలన్నీ ఉత్తరం కిటికీ అంటాయి, ఎందుకంటే పారిస్‌లో, ఫ్లోరెన్స్‌లో ఉత్తరం కిటికీలోంచి రోజు మొత్తం ఎండ రాని, నిలకడైన వెలుతురు వస్తుంది. మన దగ్గర ఆ మాట సగమే నిజం. హైదరాబాద్ ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద, కోస్తా జిల్లాలు కూడా కాస్త అటూ ఇటూగా అక్కడే. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు, ఆ ముందూ వెనకా నెలల్లో కూడా పొద్దున్నే, సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉత్తరం కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఎండ మరక బొమ్మ మీద పడి జరుగుతూ పోతే మీ నీడలన్నీ గంటకోలా మారిపోతాయి. చలికాలంలో ఉత్తరం కిటికీ హాయిగా పనికొస్తుంది, ఎండాకాలంలో దానికి పల్చటి తెల్లగుడ్డ కట్టండి, లేదా కిటికీ మూసేసి బల్బు పెట్టుకోండి.

ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు గీసుకునేవాళ్ళకి ఎలాగూ బల్బే గతి, అదేం తక్కువ కాదు. ఒకటే బల్బు, మీరు చూసి గీసే బొమ్మకు పైన, ఒక పక్క నుంచి, దాదాపు 45 డిగ్రీల వాలులో. 5000 కెల్విన్ దరిదాపుల్లో ఉండే ఎల్ఈడీ, డబ్బా మీద సీఆర్ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 దాటి రాసున్నది తీసుకోండి. మీ కాగితం మీద పడే వెలుతురు వేరుగా ఉండాలి, కానీ అది బొమ్మ మీదకు పారకూడదు. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయండి. రెండు వైపుల నుంచి వెలుతురు పడితే నీడ ఎక్కడ మొదలవుతుందో ఎంత అనుభవం ఉన్నవాడికైనా తెలియదు.

ప్లేటు చూసి గీయడం

బార్గ్ ప్లేట్లకు కాపీరైట్ ఎప్పుడో పోయింది, స్కాన్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మంచి రిజల్యూషన్ ఉన్నది చూసి ఏ3 సైజులో ప్రింట్ తీయించండి. మొదట కన్ను, ముక్కు, చెవి, పాదం లాంటి ప్లాస్టర్ ముక్కల ప్లేట్లు చేయండి, మొత్తం శరీరం ఉన్న ప్లేట్ల జోలికి వెంటనే వెళ్ళకండి.

ప్రింటు, మీ కాగితం పక్కపక్కనే ఒకే ఎత్తులో బోర్డుకు అంటించండి, బోర్డు నిటారుగా ఉండాలి. టేబుల్ మీద పడుకోబెట్టి గీస్తే పై భాగం సాగిపోతుంది, అది మీకు కూర్చున్నంతసేపూ కనిపించదు. ప్రింటు మీద మధ్యలో నిలువుగా ఒక గీత, మీ కాగితం మీద అదే చోట ఒక గీత. ఇక మొదటి రోజుల్లో వంకర గీత ఒక్కటి కూడా గీయకండి. బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పైనా కిందా రెండు గుర్తులు, ఎడమా కుడీ రెండు గుర్తులు, తర్వాత అంచులన్నీ పొడవాటి తిన్నని గీతల ముక్కలుగా. కనుబొమ్మ వంపు మీకు ఎంత అందంగా కనిపించినా సరే, దాన్ని రెండు మూడు తిన్నని గీతలుగా విరగ్గొట్టండి. తిన్నని గీత వాలు సరిగ్గా ఉందా లేదా అన్నది చూడగానే చెప్పొచ్చు, వంకర గీతలో తప్పు దాక్కుంటుంది.

ఆ తర్వాత నీడ సరిహద్దు. వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలవుతుందో ఆ గీతను బయటి అంచు అంత శ్రద్ధగా గీసి, లోపలంతా ఒకే చదునైన టోన్ (ఎంత ముదురో ఎంత లేతో ఆ స్థాయి) నింపండి. ఇక్కడ ఆగి కళ్ళు చిట్లించి రెండూ చూడండి. ఈ దశలోనే ముక్కు ముక్కులా, కన్ను కన్నులా కనిపించాలి. కనిపించకపోతే షేడింగ్‌తో అది బాగుపడదు, వెనక్కి వెళ్ళి గీతలు సరిచేయాల్సిందే. చాలామంది ఇక్కడే ఓపిక చాలక నున్నగా షేడింగ్ చేయడంలోకి దిగిపోతారు, బొమ్మ నున్నగా వస్తుంది కానీ మొహం వేరే మనిషిది వస్తుంది.

గురువు లేని లోటు ఇక్కడ తేలిగ్గా తీరుతుంది. అదే ప్రింటును ట్రేసింగ్ పేపర్ మీదకు గీసుకుని, రోజు పని అయ్యాక, అయ్యాక మాత్రమే, మీ బొమ్మ మీద పెట్టి చూడండి. ఎటు వైపు తప్పుతున్నారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. కొందరికి ఎప్పుడూ బొమ్మ వెడల్పు ఎక్కువ వస్తుంది, కొందరికి నిలువు గీతలన్నీ ఒక పక్కకు వాలతాయి. మీ కంటి అలవాటు ఏదో తెలిశాక మధ్యలోనే పట్టుకోగలుగుతారు. ప్లేటు పూర్తికావడానికి వారాలు పడుతుంది, పట్టనివ్వండి. హడావిడిగా పది చేసినదాని కన్నా ఓపికగా మూడు చేస్తే ఎక్కువ వస్తుంది.

తెల్ల బొమ్మ ముందు నిలబడి

ఇది అసలైన మెట్టు. అటెలియేల్లో మైకెలాంజెలో డేవిడ్ శిల్పం నుంచి తీసిన కన్ను, ముక్కు, చెవి ప్లాస్టర్ ముక్కలు వాడతారు, ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే విగ్రహాలు పోసేవాళ్ళ దగ్గర, హైదరాబాద్‌లో అయితే ధూల్‌పేట లాంటి చోట, రంగు వేయని పీఓపీ మొహం ఏదైనా అడిగి చూడండి. నగలు, కిరీటం లేని సాదా మొహమే కావాలి. అదీ దొరక్కపోతే ఒక కుండకు మెరుపు లేని తెల్ల గోడరంగు రెండు పూతలు వేసి పెట్టుకోండి, నీడ ఎలా తిరుగుతుందో నేర్చుకోవడానికి అది చాలు. తెలుపే ఎందుకంటే వస్తువుకు సొంత రంగు లేనప్పుడు కంటికి కనిపించేదంతా వెలుతురు చేసిన పనే.

దీనికి వాడే పద్ధతి పేరు సైట్-సైజ్. బొమ్మ, ఈజిల్ పక్కపక్కనే ఉంటాయి. మీరు వెనక్కి వచ్చి, ఆ ఏర్పాటు ఎంత పెద్దదో దానికి మూడింతల దూరంలో నిలబడి, రెండు పాదాల చోటూ నేల మీద టేప్ అంటిస్తారు. చూడటం ఎప్పుడూ ఆ టేప్ మీద నుంచే, ఒక కన్ను మూసి. అక్కడి నుంచి చూస్తే బొమ్మా, కాగితం మీది గీతా ఒకే సైజులో కనిపించాలి. నల్ల దారానికి చిన్న బరువు కట్టుకోండి, మేస్త్రీ గోడకు వేలాడదీసే గుండు లాంటిది. దాన్ని రెండు చేతుల మధ్య అడ్డంగా లాగి పట్టుకుని బొమ్మ ముక్కు కొనకు ఆనిస్తే ఆ దారం కాగితం మీద ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. ఆ చోటు గుర్తుపెట్టుకుని, ముందుకు నడిచి, ఒక చుక్క పెట్టి, వెనక్కి నడిచి టేప్ మీద నిలబడి మళ్ళీ చూడాలి. నిర్ణయం టేప్ దగ్గర, గీత కాగితం దగ్గర. దగ్గర నిలబడి చూస్తూ గీయడం మొదలెడితే ఈ పద్ధతి మొత్తం పనికిరాకుండా పోతుంది. గంటకు ఎంత నడుస్తారో మీకే ఆశ్చర్యం వేస్తుంది, కాళ్ళు లాగుతాయి, కింద చాప వేసుకోండి.

ముక్కు బొమ్మే తీసుకుందాం. వెలుగు ఎడమ పైనుంచి వస్తోంది అనుకోండి. ముక్కు దూలం ఎడమ వైపు వెలుగులో ఉంటుంది, కుడి పక్క తలం నీడలోకి తిరుగుతుంది, ముక్కుపుట కింద నుంచి పెదవి వైపు ఒక పడిన నీడ ఉంటుంది. ఈ రెండు నీడలూ ఒకటి కాదు. పడిన నీడ అంచు ముక్కుకు దగ్గరగా కత్తితో కోసినట్టు ఉంటుంది, దూరం పోయే కొద్దీ మెత్తబడుతుంది. తలం తిరిగే చోట నీడ అంచు మొదటి నుంచీ మెత్తగానే ఉంటుంది, ఆ అంచు పక్కనే లోపలి వైపు ఒక పట్టీ అన్నిటికన్నా ముదురుగా కనిపిస్తుంది. ఇంకాస్త లోపలికి వెళ్తే గోడ నుంచి తిరిగి కొట్టిన వెలుతురు వల్ల నీడ కొంచెం తేలికపడుతుంది. ఇక్కడే అందరం మోసపోతాం. ఆ తిరిగి కొట్టిన వెలుగు చుట్టూ ఉన్న నీడ వల్ల చాలా ప్రకాశంగా అనిపిస్తుంది, తెల్లగా తుడిచేయాలనిపిస్తుంది. కళ్ళు చిట్లించి చూస్తే అది నీడలోనే కలిసిపోతుంది. నీడలో ఉన్న అతి తేలిక టోన్ కూడా వెలుగులో ఉన్న అతి ముదురు టోన్ కన్నా ముదురుగానే ఉండాలి. ఈ ఒక్క సూత్రం తప్పితే ముక్కు కాగితం మీద అతుక్కుపోయినట్టు చదునుగా ఉండిపోతుంది.

దీనికి చార్‌కోల్ వాడండి, సన్నని కర్ర చార్‌కోల్, దాన్ని ఇసుక కాగితం మీద సూదిలా చెక్కుకుని. తుడవడానికి నీడెడ్ ఎరేజర్, అంటే పిండిముద్దలా నొక్కుకోగల మెత్తటి రబ్బరు. దిద్దుకోవడానికి అద్దం: ఒక చేతి అద్దాన్ని నుదుటి దగ్గర పట్టుకుని బొమ్మనూ, గీసిందాన్నీ తిరగేసి చూస్తే అప్పటిదాకా కంటికి ఆనని వంకర టక్కున బయటపడుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో వీల్డ్ రెబెక్కా ముందు ఒక మధ్యాహ్నం గడపండి. బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మ మొహం మీది ముసుగును అందరూ ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు మాత్రం నీడ ఎక్కడ మొదలవుతోంది, ముసుగు మడతల అంచుల్లో ఏది పదును, ఏది మెత్తన అని చూడండి. రవివర్మ ఆయిల్ బొమ్మలు కూడా అదే మ్యూజియంలో ఉన్నాయి.

ఇప్పుడు కొనండి

చార్‌కోల్‌తో ఒకటి రెండు ప్లాస్టర్ బొమ్మలు నమ్మకంగా వచ్చాక రంగుల షాపుకు వెళ్ళండి. మొదటికి మూడే మూడు ట్యూబులు: టైటానియం వైట్, ఐవరీ బ్లాక్, రా అంబర్. ట్యూబు మీద పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ (రంగుపొడి) కోడ్ చదవండి. అంబర్ అంటే పీబీఆర్ 7, ఐవరీ బ్లాక్ పీబీకే 9, టైటానియం పీడబ్ల్యూ 6. తెల్ల ట్యూబులో పీడబ్ల్యూ 4 అని ఉంటే అందులో జింక్ ఉందని అర్థం, జింక్ ఎక్కువున్న పూత ఏళ్ళ మీద పెళుసుబారి పగులుతుంది. పేరు పక్కన 'హ్యూ' అని ఉంటే అది అసలు పిగ్మెంట్ కాదు, దాన్ని పోలిన మిశ్రమం. మన దగ్గర దొరికే ఆర్టిస్ట్ గ్రేడ్ రంగులు నేర్చుకోవడానికి బాగా సరిపోతాయి, దిగుమతి రంగుల కోసం అప్పు చేయకండి. పాత చిత్రకారులు వాడిన సీసం తెలుపు చాలా మంచి రంగే కానీ విషం, ఇంట్లో పిల్లలున్నచోట అసలు వద్దు.

నూనె విషయంలో జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో చెక్కకు పూసే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ తెచ్చి బొమ్మలో కలపకండి, అందులో తొందరగా ఆరడానికి కలిపిన మందులుంటాయి, బొమ్మ నల్లబడుతుంది. ఆర్టిస్టుల కోసం శుద్ధి చేసిన అవిసె నూనె చిన్న సీసా కొనండి, ఏడాది వస్తుంది. వేరుశెనగ నూనె లాంటివి ఎన్నాళ్ళున్నా ఆరవు. అవిసె నూనె ఆరేది నీళ్ళలా ఆవిరై కాదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది, అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. అందుకే నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, నిజంగా ఇళ్ళు కాలాయి. గుడ్డలు బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా మూతున్న ఇనప డబ్బాలో నీళ్ళు పోసి వేయండి. టర్పెంటైన్ అయితే కిటికీలు తెరిచి, అగ్గి దగ్గర లేకుండా, అవసరమైనంతే. బ్రష్‌లను ముందు గుడ్డతో తుడిచి, కాస్త నూనెలో ఆడించి, మళ్ళీ తుడిచి, సబ్బుతో కడిగితే టర్పెంటైన్ అవసరం చాలావరకు తప్పుతుంది.

బ్రష్‌లు: పంది వెంట్రుకల ఫిల్బర్ట్‌లు (కొన గుండ్రంగా ఉండే చదును బ్రష్‌లు) మూడు సైజులు, మెత్తని సింథటిక్ ఒకటి. కాన్వాస్ బదులు జెసో (రంగుకు ముందు వేసే తెల్ల పూత) పూసిన హార్డ్‌బోర్డు ముక్కలు వాడితే చవక, బ్రష్ కింద ఊగదు కూడా.

ఒకే రంగులో ఒక బొమ్మ

మీరు చార్‌కోల్‌తో గీసిన అదే ప్లాస్టర్ బొమ్మను ఇప్పుడు నలుపు, అంబర్, తెలుపులతో వేయాలి. నలుపులో కొంచెం అంబర్ కలపండి, నలుపు ఒక్కటే అయితే తెలుపుతో కలిసినప్పుడు నీలంగా కొడుతుంది, పైగా చాలా నెమ్మదిగా ఆరుతుంది. అంబర్ తొందరగా ఆరుతుంది, నలుపును కూడా తొందరగా ఆరేలా చేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద తొమ్మిది ముద్దలు కలపండి, నలుపు నుంచి తెలుపు దాకా సమానమైన మెట్లుగా. ముందు రెండు చివరలు, తర్వాత సరిగ్గా మధ్యది, తర్వాత ఆ మధ్యల మధ్యలు. పక్కపక్కన పెట్టి కళ్ళు చిట్లిస్తే మెట్లు సమానంగా దిగాలి. ఎక్కడైనా ఒక్క మెట్టు ఎత్తుగా ఉంటే మళ్ళీ కలపండి. ఈ పనికి మొదట్లో గంటన్నర పడుతుంది, విసుగొస్తుంది, అయినా మానొద్దు. బొమ్మ వేసేటప్పుడు కలుపుకుంటూ కూర్చునే బదులు "ఇది నాలుగో మెట్టా, ఐదోదా" అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడమే ఈ శిక్షణ మొత్తం. తెల్ల బొమ్మ కదా అని వెలుగంతా స్వచ్ఛమైన తెలుపుతో వేసేయకండి. తొమ్మిదో మెట్టు ఒక్క మెరిసే చోటు కోసం దాచుకోండి, మిగతా వెలుగంతా ఎనిమిదిలో, ఏడులో నడుస్తుంది.

బోర్డుకు ముందురోజే టర్పెంటైన్‌తో పల్చన చేసిన అంబర్ పూసి తుడిచేయండి, మధ్యస్థమైన మట్టిరంగు మిగులుతుంది. తెల్ల బోర్డు మీద ఏ టోన్ వేసినా ముదురుగా అనిపించి కన్ను తప్పుతోవ పడుతుంది. ముందు నీడలు పల్చగా, చదునుగా. తర్వాత వెలుగు వైపు కాస్త చిక్కగా, మెట్టు పక్కన మెట్టు పెంకులు పేర్చినట్టు పెట్టుకుంటూ పోవాలి. బ్రష్‌తో వెంటనే రుద్ది కలిపేయకండి. మధ్యలో ఉండాల్సిన టోన్ కలిపి పెడితే అంచు దానంతట అదే మెత్తబడుతుంది. ఫోన్‌లో బొమ్మనూ, మీరు వేసిందాన్నీ ఒకే ఫ్రేములో బ్లాక్ అండ్ వైట్‌లో తీసి చూసుకోవడం మంచి దిద్దుబాటు, కానీ రోజుకు ఒక్కసారే. చీటికీ మాటికీ ఫోన్ చూస్తే కన్ను నేర్చుకోవడం మానేస్తుంది.

రంగులోకి

స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరు మీద పిలిచే పాలెట్‌తో, అంటే కొన్ని రంగుల జట్టుతో, మొదలుపెట్టండి: తెలుపు, ఎల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు), ఒక ఎరుపు, ఐవరీ బ్లాక్. జోర్న్ వాడింది వెర్మిలియన్, ఇప్పుడు క్యాడ్మియం రెడ్ లైట్ వాడతారు. నీలం లేదు కదా అనకండి. ఓకర్, ఎరుపుల పక్కన నలుపు, తెలుపు కలిపిన బూడిదరంగు నీలంగానే కనిపిస్తుంది. ఉల్లిపాయ, మట్టిపాత్ర, నిమ్మకాయ, ఒక తెల్లగుడ్డ పెట్టి స్టిల్‌లైఫ్ (కదలని వస్తువుల బొమ్మ) వేయండి. అసలు బొమ్మకు ముందు అరచేతి సైజులో ఒక చిన్న స్టడీ చేయాలి, అందులో వివరం ఏమీ ఉండదు, ఒక్కో వస్తువు వెలుగుకు ఒక రంగు, నీడకు ఒక రంగు, వెనక గోడకు ఒకటి. ఆ చిన్న ముక్క దూరం నుంచి చూస్తే నిజమనిపించాలి. అనిపించకపోతే పెద్దదాన్లోనూ అనిపించదు.

మనుషుల మొహాలకు వచ్చినప్పుడు ఒక మాట. మీకు దొరికే వీడియోల్లో ఎక్కువభాగం తెల్లవాళ్ళ చర్మం వేసేవే, ఆ మిశ్రమాలను మనవాళ్ళ మొహానికి దించితే మొహం సుద్ద రాసినట్టు వస్తుంది. చామనఛాయ మొహంలో వెలుగు వైపు కూడా టోన్ మెట్ల మధ్యలోనే ఉంటుంది, ఐదు, ఆరు దగ్గర, ఒక్కోసారి ఇంకా కింద. అందుకే నుదుటి మీద, ముక్కు కొన మీద మెరుపు చాలా ఎక్కువగా, కాస్త చల్లని (నీలం వైపు మొగ్గే) రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుపు తగ్గించండి, బర్న్‌ట్ సియన్నా, అంబర్ చేర్చండి, మెరుపును మాత్రం ధైర్యంగా పెట్టండి. మొదటి మోడల్ మీరే, అద్దం ముందు. మీ అంత ఓపికగా గంటల తరబడి కదలకుండా కూర్చునేవాళ్ళు ఇంట్లో ఎవరూ దొరకరు. కూర్చునే చోటు, అద్దం, బల్బు అన్నిటికీ టేప్ గుర్తులు పెట్టి, వారాల పాటు అదే భంగిమ.

పొరల సంగతి. మొదటి పూత టర్పెంటైన్‌తో పల్చగా, తర్వాతిది ట్యూబులోంచి వచ్చినట్టే, ఆ పైదాన్లో ఒకట్రెండు చుక్కల నూనె. పైకి పోయే కొద్దీ నూనె పెరగాలి. నూనె తక్కువున్న పూత తొందరగా ఆరి బిగుసుకుంటుంది, అది పైన ఉండి కింద ఇంకా కదులుతున్న పొర ఉంటే పైది పగులుతుంది. ఆరాక కొన్నిచోట్ల, ముఖ్యంగా ముదురు రంగులు, వెలిసిపోయినట్టు మట్టిగా కనిపిస్తాయి. రంగు పోయిందని కంగారుపడి మళ్ళీ వేయకండి, నూనె కింది పొరలోకి ఇంకింది అంతే. పూత తాకితే అంటుకోకుండా ఆరాక ఒక్క చుక్క నూనె గుడ్డతో పల్చగా రుద్ది, దాదాపు మొత్తం తుడిచేస్తే అసలు రంగు తిరిగొస్తుంది, దాని మీద పని కొనసాగించొచ్చు. వానాకాలంలో ఆరడం నెమ్మదిస్తుంది, గోడకు ఆనించి పెడితే బూజు పడుతుంది, గాలి ఆడేచోట పెట్టండి. బీరువాలో దాచిన బొమ్మ పసుపెక్కితే వెలుతురులో కొన్నాళ్ళు ఉంచండి, చాలావరకు తగ్గుతుంది. చివరి వార్నిష్ ఆరు నెలల నుంచి ఏడాది తర్వాతే.

గురువును వెతుక్కునేటప్పుడు

ఇంట్లో ఎంత చేసినా ఒక దశలో ఇంకో మనిషి కన్ను కావాలి. ఫ్లోరెన్స్ వెళ్ళగలిగితే సంతోషం, అది అందరికీ కుదిరే ఖర్చు కాదు. ఊళ్ళోనో ఆన్‌లైన్‌లోనో చేరేటప్పుడు గురువు వేసిన బొమ్మలు చూసి మురిసిపోకండి, శిష్యుల బొమ్మలు చూపించమనండి, అదీ చేరిన మొదటి నెలలో వేసింది, ఏడాది తర్వాత వేసింది పక్కపక్కన. ఫొటో చూసి గ్రిడ్ గీసి రంగు నింపించే చోట మీకు ఈ విద్య రాదు, ఎదురుగా వస్తువు పెట్టి, ఒకే వెలుతురులో, వారాల పాటు ఒకే బొమ్మ మీద పని చేయించే చోటు కావాలి. దిద్దేటప్పుడు ఆయన "బాగుంది, ఇంకొంచెం లైఫ్ రావాలి" అంటున్నాడా, లేక "చెవి కింది అంచు ముక్కు కింది అంచు కన్నా పైకి పోయింది, దారం పెట్టి చూడు" అంటున్నాడా అన్నది గమనించండి. రెండో రకం మాట చెప్పేవాళ్ళ దగ్గర చేరండి. ఎవరూ దొరక్కపోతే ఇదే దారిలో ఉన్న ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే బొమ్మ చుట్టూ ఈజిళ్ళు వేసుకోండి. వారానికొకసారి చోట్లు మారి, ఒకరి టేప్ గుర్తు మీద ఇంకొకరు నిలబడి, తప్పు ఎక్కడుందో కొలిచి చెప్పండి. మెచ్చుకోళ్ళు చివర్లో ఐదు నిమిషాలు చాలు.